చెప్పుల స్టాండులో రెండు జతలు

సోమవారం

ఈ పుస్తకం మాటలావిడ ఇచ్చింది. ఈ ఇంట్లో ఆవిడ ఉద్యోగం మాట్లాడటం. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎలా ఉన్నారు?" అని అడిగి, ఎదుటిమనిషి ఏడ్చేదాకా తల ఊపుతూ కూర్చుంటుంది. దానికి జీతం కూడా ఉందట. నేను ఏడవలేదు. "మీ చొక్కా చంక దగ్గర బిగుసుకుంది, విప్పి ఇస్తే కుట్లు వదులు చేస్తాను" అన్నాను. ఆవిడ నవ్వి ఈ పుస్తకం చేతిలో పెట్టింది. నోటితో చెప్పలేనివి రాసుకోవాలట. నాకు నోటితో చెప్పలేనివి ఏమున్నాయి? ఎనిమిదో క్లాసులో లెక్కల టీచరుతో "మీకే రాదు, నాకేం నేర్పుతారు" అనేసి బయటికొచ్చిన నోరు ఇది.

ఎవరికీ చూపించక్కర్లేదంది. అయితే సరే.

ఆసుపత్రి వెనక వీధిలో మూడంతస్తుల ఇల్లు ఇది. క్యాన్సర్ పిల్లలు, వాళ్ళతో వచ్చినవాళ్ళు ఉంటారు. మందు ఎక్కించే రోజు వ్యానులో వెళ్ళి, మళ్ళీ ఇక్కడికే వస్తారు. వంటగది అందరిదీ, అందులో ఒక్కో కుటుంబానికి ఒక్కో అర. రూల్సు మాత్రం జైలుకంటే ఎక్కువ. చెప్పులు గుమ్మంలోనే విప్పి స్టాండులో పెట్టాలి. చేతులు కడగాలి. మూతికి మాస్కు. పూలు తేకూడదు. తొక్క తియ్యలేని పండు తినకూడదు. జలుబు చేసినవాళ్ళకి వెనక గది. పొద్దున, సాయంత్రం థర్మామీటరమ్మ గుమ్మం పక్కన బల్ల వేసుకుని పిల్లా పెద్దా అందరి నాలుక కిందా పుల్ల పెడుతుంది. ఎవరి పుల్ల వాళ్ళది, దాని మీద బొమ్మ అంటించి ఉంటుంది. మా పిడుగుది చేప. నాది తాబేలు. ఎవరు అంటించారో గానీ వాళ్ళని వదలను.

మందు ఎక్కించాక కొన్నాళ్ళు పిల్లల రక్తంలో కౌంట్లు పడిపోతాయి. ఒంట్లో కాపలా ఉండదు. అప్పుడు వచ్చేది జ్వరం కాదు, ఇంటికి అంటుకున్న నిప్పు అంటుంది థర్మామీటరమ్మ. నూరు దాటిందంటే గంటలోపు ఆసుపత్రిలో మందు ఎక్కాలి. "గంటలోపు, గంటలోపు" అని ఎన్నిసార్లు చెప్పిందంటే పిల్లలు దానికి ట్యూను కట్టారు.

ఈ రోజు వరసలో నిలబడేముందు వేడి టీ నోట్లో పట్టుకుని, ఓపిగ్గా ఉండి, మింగి వెళ్ళాను. తాబేలు నూట ఐదు చూపించింది. థర్మామీటరమ్మ లేచిన లేవడానికి కుర్చీ వెనక్కి పడింది. "వెనక గదికి! నడువు! నడువు!" అని చీపురు పట్టుకుని పిల్లిని తోలినట్టు తోలింది. సగం దూరం వెళ్ళి, వెనక్కి తిరిగి, నాలుక బయటపెట్టి "టీ" అన్నాను. పిడుగు నేలమీద కూలబడి నవ్వింది. పక్క గది కుర్రాడు, కెప్టెన్ అంటాం వాణ్ణి, నాకు సెల్యూట్ కొట్టి "ఇంకోసారి పెద్దమ్మా" అన్నాడు.

చెల్లి నవ్వలేదు. "అక్కా, ఇది ఆటలాడే చోటు కాదే" అంది. మరి ఏం చేసే చోటు? అన్నీ గుండ్లూ, మాస్కులూ, ఫినాయిలు వాసనా. నవ్వకపోతే ఇక్కడ ఊపిరెలా ఆడుతుంది?

పిడుగు నా చెల్లెలి కూతురు. ఏడేళ్ళు. రక్తంలో క్యాన్సర్. రాశాను కదా. చెయ్యేం విరగలేదు.

బుధవారం

నోట్లో పుళ్ళు రాకుండా పిల్లలు ఐసు చప్పరించాలట. ఫ్రిజ్జులో ట్రేలు ఉంటాయి. పిడుగు ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని పెద్ద సైంటిస్టులా అడిగింది, "పెద్దమ్మా, వేడిగా తాగితే పైకెళ్ళింది కదా, మరి ఇది పెట్టుకుంటే?"

గది తలుపు వేసి తాబేలుతో పరీక్ష చేశాం. తొంభై అయిదు. పిడుగు చప్పట్లు కొట్టింది.

"అయితే థర్మామీటరమ్మ అడుగుతుందిగా, ఐసు తిన్నావా అని?"

"లేదను."

"నాకు నవ్వొచ్చేస్తుంది."

అప్పుడు అసలు విద్య నేర్పాను. కళ్ళు పెద్దవి చెయ్యాలి. తల కొంచెం పక్కకి వంచాలి. దొంగ నవ్వు ముందు పెదాల మీదికి రాదు, చెవుల్లోకి వస్తుంది, అందుకని టోపీ చెవుల మీదికి లాక్కోవాలి. మిగిలిన గుడ్డలతో దానికి నేను కుట్టిన టోపీ అది, అంచు మడతగా ఉంటుంది. సాయంత్రం వరసలో అచ్చం నేను చెప్పినట్టే నిలబడింది. "ఐసు తిన్నావా?" "లేదండీ." తొంభై ఆరు. థర్మామీటరమ్మ పుల్లని తుడిచి మళ్ళీ పెట్టింది. తొంభై ఆరు. "చలవ పిల్ల" అని బుగ్గ గిల్లింది. గదిలోకి రాగానే ఇద్దరం దిండ్లలో మొహాలు దూర్చుకుని నవ్వాం.

నా పోలికే. దాని తల్లికి చెప్పకూడదు.

శనివారం

కెప్టెన్ కి జ్వరం. సాయంత్రం పుల్ల పెడితే నూట రెండు. వాళ్ళమ్మ తువ్వాలు చుట్టి ఎత్తుకుంది, వ్యాను అప్పటికే గుమ్మం ముందు ఉంది. మెట్లు దిగుతూ వాడు తల్లి భుజం మీదినుంచి మాకు సెల్యూట్ కొట్టాడు.

రెండు రోజుల్లో వచ్చేస్తాడు. వీళ్ళందరికీ ఇది మామూలే.

ఆదివారం

కెప్టెన్ గదికి తాళం.

మంగళవారం

వాడు పోయాడు. నిన్న పొద్దున.

వాళ్ళమ్మ సామాను కోసం వచ్చింది. సంచి నేనే సర్దాను. ఆవిడ మంచం మీద కూర్చుని, నేను మడతపెట్టిన ప్రతి చొక్కా విప్పి మళ్ళీ మడతపెట్టింది. నేను ఒక్క జోకు కూడా వెయ్యలేదు. ఒకటి నాలుకదాకా వచ్చింది, మింగేశాను.

భోజనాలయ్యాక మాటలావిడ పెద్దవాళ్ళందర్నీ హాల్లో కూర్చోబెట్టింది. పిల్లలకి నిజం చెప్పాలట. "ఊరెళ్ళాడు అనకండి, నిద్రపోతున్నాడు అనకండి. చిన్న మాటల్లో ఉన్నదున్నట్టు చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్ళే ఏదో ఒకటి అల్లుకుంటారు. అది నిజం కంటే ఘోరంగా ఉంటుంది" అంది. ఆవిడకేం, చెప్పేసి సాయంత్రానికి ఇంటికి పోతుంది.

"నావల్ల కాదక్కా" అంది చెల్లి.

"నాకొదిలెయ్" అన్నాను.

వదిలేసింది. నేను చెప్పాను. కెప్టెన్ వాళ్ళ నాన్న ఇంత పెద్ద లారీ వేసుకొచ్చాడు, ఇలా హారన్ కొట్టాడు, ఆసుపత్రిలో డాక్టర్లందరూ చెవులు మూసుకున్నారు, కెప్టెన్ కి జ్వరం ఆ మోతకే పారిపోయింది, ఒక్క గెంతు గెంతి లారీ ఎక్కి ఇంటికెళ్ళిపోయాడు అని. హారన్ నేనే వినిపించాను, పై అంతస్తునుంచి ఎవరో తిట్టారు కూడా. పిడుగు నవ్వింది. కొంచెం ఆలస్యంగా నవ్వింది. నవ్వింది కదా.

గురువారం

చెప్పులు.

వాడి చెప్పులు స్టాండులోనే ఉన్నాయి. నీలం రంగువి, మధ్య అరలో, మా పిడుగు గులాబీ చెప్పుల పక్కన. వాళ్ళమ్మ ఎత్తుకుని వెళ్ళిపోయింది కాబట్టి ఎవరికీ గుర్తులేదు. ఈ రోజు రక్తపరీక్షకి వెళ్తూ పిడుగు చెప్పులు తొడుక్కుని అక్కడే ఆగింది.

"పెద్దమ్మా, కెప్టెన్ చెప్పుల్లేకుండా వెళ్ళాడా?"

"కొత్త బూట్లు తెచ్చారే. నడిస్తే లైట్లు వెలుగుతాయి."

"ఏ రంగువి?"

"ఎరుపు."

"వాడికి ఎరుపంటే అసహ్యం."

"అందుకే కళ్ళు మూసుకుని వేసుకున్నాడు."

నవ్వలేదు. వ్యానులో కిటికీ వైపు కూర్చుంది. దానికి నా జోకు నచ్చకపోవడం ఇదే మొదటిసారి. వయసైపోతోంది నాకు.

తిరిగొచ్చాక ఎవరూ చూడకుండా ఆ చెప్పులు చెత్తబుట్టలో పడేద్దామని తీశాను. ఎడమదానికి పట్టీ తెగితే మొన్న నేనే కుట్టాను, నల్ల దారంతో, నీలం అయిపోయిందని. ఆ కుట్టు కనిపించింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

సోమవారం

మందు ఎక్కించారు. పిడుగు వాంతులు. చెల్లి పట్టుకుంది, నేను బకెట్టు పట్టుకున్నాను. ఇద్దరికీ చెరో ఉద్యోగం.

బుధవారం

సూప్ నాలుగు చెంచాలు. తాగకపోతే థర్మామీటరమ్మ నడక నడిచి చూపిస్తానని బెదిరించాను. తాగాక కూడా నడిచి చూపించాను. పక్క బల్ల మీద అందరూ నవ్వారు, వెనకనించి థర్మామీటరమ్మ కూడా నవ్వింది, ఆవిడ ఉందని నాకు తెలీదు.

"నవ్వించండి, నవ్వించండి" అంది. "ఈ వారం కౌంట్లు కిందికి పోతాయి. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

కనిపెట్టుకునే ఉన్నాను. నాకంటే ఎవరు కనిపెడతారు?

శుక్రవారం

కౌంట్లు బాగా పడిపోయాయట. డాక్టరు గదిలోంచి బయటికి వచ్చాక చెల్లి చెప్పింది, నా మొహం చూడకుండా.

పిడుగు ఈ రోజు పొద్దున తొంభై ఏడు, సాయంత్రం తొంభై ఏడు. చలవ పిల్ల.

శనివారం

పొద్దున తొంభై ఆరున్నర. సాయంత్రం తొంభై ఏడు. థర్మామీటరమ్మ అందరికీ చూపిస్తోంది, చూడండి ఎంత బుద్ధిగా ఉందో అని. హాల్లో ఆడుకోవడానికి రమ్మంటే రానంది. మంచం మీదే కూర్చుని టోపీ అంచు మడతలు పెడుతోంది. బుగ్గలు కాస్త ఎర్రగా ఉన్నాయి, దుప్పటి కప్పుకుందిగా.

రేపు మరిది, పిడుగు వాళ్ళ నాన్న, వస్తాడు. నెలరోజుల తరవాత సెలవు దొరికింది. అందుకే దానికి హుషారు. హుషారంటే మరీ హుషారు కాదు. లోపల లోపల ఉన్న హుషారు.

సాయంత్రం నా తల దువ్వుతూ అడిగింది. దానికి జుట్టు లేదు కాబట్టి నాది దువ్వుతుంది.

"పెద్దమ్మా, జ్వరం వస్తే అందర్నీ తీసుకెళ్ళిపోతారా?"

"నీకెందుకు వస్తుంది? నువ్వు ఫ్రిజ్జులో పుట్టావు" అన్నాను.

దువ్వెన ఆగింది. మళ్ళీ కదిలింది. దాని వేళ్ళు నా మాడుకి వెచ్చగా తగిలాయి. హాయిగా ఉంది, కళ్ళు మూసుకున్నాను.

ట్రేలో ఐసు అయిపోయింది. ఎవరో వాడేస్తున్నారు, నింపడం లేదు. వంటగదిలో నేనే గొడవపెట్టాను, ఏమ్మా, నీళ్ళకి కూడా కరువా అని.

ఆదివారం, పొద్దున

పొద్దున తొంభై ఏడు.

బల్ల దగ్గరినుంచి గదిలోకి వస్తుంటే పిడుగు చెవి పక్కనుంచి నీళ్ళు కారుతున్నాయి. టోపీ తడిసింది. అంచు మడత విప్పాను. అందులో ప్లాస్టిక్ కవరు ముక్కలో చుట్టి ఐసు. సగం కరిగింది.

నా టోపీ. నా మడత.

మెడ మీద చెయ్యి వేశాను. ఇస్త్రీ చేసి అప్పుడే మడతపెట్టిన గుడ్డలా ఉంది.

"ఎప్పటినుంచే?"

కళ్ళు పెద్దవి చేసింది. తల కొంచెం పక్కకి వంచింది. తరవాత అదే మానేసింది.

"చెప్పకు పెద్దమ్మా. నాన్న వస్తాడు. నాన్న వెళ్ళాక చెప్దువుగాని. ఒట్టు వెయ్యి."

"అమ్మకి…"

"అమ్మకి చెప్తే వ్యాను వచ్చేస్తుంది. నేను వెళ్ళను. ఒట్టు వెయ్యి, నువ్వు నా పార్టీ కదా."

వేశాను. నేను దాని పార్టీయే. మరిది సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాడు. అప్పుడు చెప్తాను. కూతుర్ని ఒడిలో పెట్టుకుని నెలరోజులైంది ఆ మనిషికి.

ఆదివారం, భోజనాలయ్యాక

మరిది వచ్చాడు. రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. పిడుగు ఒళ్ళోంచి దిగడం లేదు. చెల్లి ఎన్నాళ్ళకో జడ వేసుకుంది.

ఇంకోసారి మెడ మీద చెయ్యి వేశాను. అంతే ఉంది. పెరగలేదు. పొద్దున అంత కూడా లేదేమో. గిన్నెలు కడిగి వచ్చాను కాబట్టి నా చెయ్యే చల్లగా ఉంది, చల్లటి చేతికి ఏది ముట్టుకున్నా వేడిగానే ఉంటుంది. ఇంకో మూడు గంటలు, మహా అయితే. గంటలోపు అని ఆవిడ చెప్పేది కొత్తగా వచ్చిన జ్వరానికి. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు, కాబట్టి ఆ గంట ఎప్పుడు మొదలైందో కూడా ఎవరికీ తెలీదు.

ఈ వాక్యం మళ్ళీ చదివాను.

 

సోమవారం

రాస్తాను. ఇది రాయకపోతే పుస్తకం ఎందుకు.

నిన్న పుస్తకం మూసి హాల్లోకి వెళ్ళాను. పిడుగు వాళ్ళ నాన్న ఒళ్ళో ముడుచుకుని ఉంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఫ్యాను ఆపండి, పాపకి చలేస్తోంది" అని మరిది దాని మీద తువ్వాలు కప్పుతున్నాడు. ఆ తువ్వాలు చూడగానే నాకు కెప్టెన్ ని చుట్టిన తువ్వాలు గుర్తొచ్చింది.

"జ్వరం! దానికి జ్వరం!" అని అరిచాను.

హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "మొదలెట్టింది" అన్నారెవరో. చెల్లి పళ్ళు నూరింది. "అక్కా, ఈ ఒక్క రోజైనా ఊరుకోవే."

థర్మామీటరమ్మ వచ్చింది. చేప పుల్ల నాలుక కింద పెట్టింది. తొంభై ఎనిమిది. నా వైపు తిప్పి చూపించింది, "చూశావుగా?" అంది. పిడుగు నన్నే చూస్తోంది. ఆ బుగ్గన చిన్న ఎత్తు. కొత్త ముక్క ఎప్పుడు పెట్టుకుందో నాకు తెలీదు.

"నోట్లో ఐసుంది" అన్నాను. "చంకలో పెట్టండి. ఎన్నాళ్ళనుంచో ఇదే చేస్తోంది. నేనే నేర్పాను."

నవ్వులు ఆగిపోయాయి. మాస్కుల వెనక ఎవరి మొహం ఎలా ఉందో కనపడదు, అది ఒక్కటే మేలు.

చంకలో పెట్టింది. అది కూతపెట్టేదాకా అందరం నిలబడే ఉన్నాం. థర్మామీటరమ్మ అంకె పైకి చదవలేదు. పుల్లని చెల్లెలి వైపు తిప్పింది. నూట మూడు దాటింది.

తరవాత అంతా గబగబా జరిగింది. మరిది దాన్ని ఎత్తుకున్నాడు, వ్యాను వచ్చింది, చెల్లి ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో సంచి.  గుమ్మం దాటుతుంటే పిడుగు వాళ్ళ నాన్న భుజం మీదినుంచి స్టాండు వైపు చూసి కేక పెట్టింది.

"చెప్పులు! నాన్నా, నా చెప్పులు వెయ్యి! చెప్పుల్లేకుండా నన్ను తీసుకెళ్ళకు! పెద్దమ్మా, చెప్పులు!"

అప్పుడు తెలిసింది నాకు. నీలం జత, పక్కనే గులాబీ జత. జ్వరం వచ్చినవాణ్ణి ఎత్తుకుపోయారు. చెప్పులు ఇక్కడే మిగిలాయి. వాడు రాలేదు. పిడుగు అల్లుకున్నది అదే. లారీ, హారన్, ఎర్ర బూట్లు, నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

గులాబీ చెప్పులు తీసుకుని వీధిలోకి పరిగెత్తాను. వ్యాను మలుపు తిరిగిపోయింది. ట్రాఫిక్కు మధ్యలో ఒక ముసలి ఆటగత్తె రెండు చిన్న చెప్పులు పట్టుకుని నిలబడింది. హారన్లు కొట్టారు. చాలా కొట్టారు.

మంగళవారం

దాన్ని అద్దం తలుపు ఉన్న గదిలో పెట్టారు. తల్లిని ఒక్కదాన్నే లోపలికి రానిస్తారు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ వెళ్ళిందట. మందు ఎక్కుతోందట. "నిన్ననో మొన్ననో తెచ్చి ఉంటే" అని డాక్టరు అన్నాడట. ఇదంతా మరిది చెప్పాడు. చెల్లి ఫోను తీయడం లేదు.

బుధవారం

తీయలేదు.

గురువారం

పొద్దున బల్ల దగ్గర నా వంతు వచ్చింది. థర్మామీటరమ్మ నా నాలుక కింద తాబేలు పెట్టి, అది కూసేదాకా గోడకేసి చూసింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరూ తిట్టడం లేదు. వంటగదిలో నేను వెళ్తే చోటు ఇస్తున్నారు.

శుక్రవారం

మాటలావిడ వచ్చింది. కుర్చీ లాక్కోలేదు, నేను కూర్చున్న మెట్టు మీదే పక్కన కూర్చుంది. తల ఊపుతుందని చూశాను. ఊపలేదు.

"చొక్కా ఇంకా బిగుతుగానే ఉంది" అన్నాను.

"అవునండీ. మీరు కుట్లు వదులు చేస్తానన్నారు."

ఆవిడే మళ్ళీ అంది, "పాప అక్కడ ఎవరితోనూ మాట్లాడటం లేదట. సూదికి కూడా ఏడవడం లేదట. కెప్టెన్ సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి. మీరు చెప్తే మంచిది."

"నేనా? నేను నిజం చెప్తే కుక్క కూడా నమ్మదు."

"పాప కూడా మొదట నమ్మదు. అయినా మీరే చెప్పాలి. మీ మొహంలో ఎప్పుడు ఆట ఉంటుందో, ఎప్పుడు ఉండదో ఈ ఇంట్లో దానికొక్కదానికే తెలుసు."

నేను ఏడ్చాను. ఇక జీతం తీసుకోవచ్చు ఆవిడ.

శనివారం

నేను ఫోను చెయ్యలేదు. చెల్లే చేసింది. "ఇదిగో, నీతోనే మాట్లాడుతుందట" అని, ఆ ఒక్క మాట అని, దానికిచ్చింది.

ఊపిరి చప్పుడు. తరవాత, "నా చెప్పులెక్కడ?"

"నా దగ్గరున్నాయే. ఆసుపత్రికి తెచ్చాను, లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు నా ఒళ్ళోనే ఉన్నాయి."

"కెప్టెన్ వి?"

"స్టాండులో."

"లారీ వచ్చిందా?"

 చెల్లి వింటోందని తెలుసు.

"రాలేదు. అది నేను అల్లాను. కెప్టెన్ చచ్చిపోయాడే తల్లీ. ఆసుపత్రిలో."

 ఫోను పెట్టేసిందనుకున్నాను.

"జ్వరం వల్లా?"

"వాడి ఒంట్లో కాపలా లేదు. జ్వరం లోపలికెళ్ళిపోయింది. మందు పెట్టారు. వాడికి అది పని చెయ్యలేదు."

"నాక్కూడా అదే మందా?"

"అదేనేమో."

"నాకు పని చేస్తుందా?"

చేస్తుందే పిచ్చిమొద్దూ, నువ్వు ఫ్రిజ్జులో పుట్టావు. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదు" అన్నాను. "డాక్టర్లకి కూడా ఇంకా తెలీదు. చేస్తుందని చూస్తున్నాం."

"ఊఁ" అంది. ఏడుస్తుందేమో అని నేను ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను. ఏడవలేదు. కాస్త దగ్గింది. "అమ్మ జ్వరం ఎంతుందో చెప్పట్లేదు. తగ్గిందంటుంది. పుల్ల చూపించమంటే దాచేస్తుంది. పొద్దున్నే నువ్వు చెప్పు. రోజూ. ఎంతుంటే అంత."

"చెప్తాను."

"ఒట్టా?"

"ఒట్టు వద్దు. ఒట్లు నాకు కలిసిరావు. ఊరికే చెప్తాను."

"ఆ చెప్పులు ఎవరికీ ఇవ్వకు. రెండు జతలూ."

ఆదివారం

నూట రెండు. చెల్లి వరండాలోకి వచ్చి చెప్పింది, నేను అద్దం ఇవతల నిలబడి ఫోనులో చెప్పాను. నూట రెండు అని, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా. పిడుగు లోపల్నుంచి తల ఊపింది. అచ్చం మాటలావిడలా. అది చెప్తే నవ్వి ఉండేది. చెప్పలేదు.

సోమవారం

నూట ఒకటిన్నర. బొటనవేలు ఎత్తి చూపించింది. మరిది కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు.

సాయంత్రం రెండు జతలూ తడిగుడ్డతో తుడిచి మధ్య అరలో పెట్టాను. థర్మామీటరమ్మ చూసింది. వచ్చి, నీలం చెప్పు ఒకటి వంకరగా ఉంటే సరిచేసి వెళ్ళింది.

మంగళవారం

చెల్లి వరండాలోకి వచ్చింది. చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడింది. 

"నూట నాలుగు" అంది. "మందు మారుస్తారట. ఇదే ఆఖరుదట, దీని తరవాత వేరే లేదట." తరవాత నా మోచెయ్యి పట్టుకుంది. పదిరోజులైంది అది నన్ను ముట్టుకుని. "అక్కా, ఈ ఒక్కరోజుకి తగ్గిందని చెప్పవే. నీకు చేతనవును. అది నమ్మేలా నువ్వే చెప్పగలవు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజమే. నాకు చేతనవును. కళ్ళు పెద్దవి చెయ్యాలి, తల కొంచెం పక్కకి వంచాలి.

అద్దం దగ్గరికి వెళ్ళాను. పిడుగు దిండుకి ఆనుకుని ఉంది. పెదాలు పగిలాయి. టోపీ లేదు, గుండు లైటుకి మెరుస్తోంది. ఫోను అప్పటికే చెవి దగ్గర పెట్టుకుని నా కోసమే చూస్తోంది. నేను మాస్కు కిందికి లాగాను, ఆట లేని మొహం అంతా దానికి కనపడాలని.

"ఎంత?" అంది.

చెప్పాను.